నీళ్ల మీది సూర్యుడు

నాకు కోపం ముందు వస్తుంది. బుద్ధి తీరిగ్గా ఆటో మాట్లాడుకుని వెనక వస్తుంది. మా ఇంట్లో ఇది అందరికీ తెలిసిన సంగతే కాబట్టి దాచుకునేదేమీ లేదు. కానీ ఆ డిసెంబరు సాయంత్రం బుద్ధి రావడానికి సరిగ్గా అరగంట పట్టింది. ఆ అరగంటలో మా అత్తయ్య ప్రాణం పోవాల్సింది.

మాది చిక్కడపల్లిలో గానసభ వెనక సందు. కింది వాటాలో నేను, మా ఆయన వినయ్, అత్తయ్య. మీది గదుల్లో గ్రూప్స్‌కి చదువుకునే అమ్మాయిలు. నా పేరు స్నేహలత, మాది జనగామ. నారాయణగూడలో ఒక జూనియర్ కాలేజీలో బోటనీ చెబుతాను. మా అత్తయ్య బాలత్రిపురసుందరి పుట్టి పెరిగింది భీమిలిలో. మామగారి సెక్రటేరియట్ ఉద్యోగం వల్ల ఈ ఊరొచ్చి నలభై ఆరేళ్లయింది. మామగారు పోయారు. సముద్రం మాత్రం ఆవిడ మాటల్లోంచి పోలేదు. మంచినీళ్లు తాగినా భీమిలి నీళ్ల రుచి ఎత్తకుండా గ్లాసు దింపేది కాదు.

రెండు వేల పన్నెండులో మా పక్క స్థలంలో అయిదంతస్తుల అపార్ట్‌మెంట్ లేచింది. దాని గోడ సరిగ్గా అత్తయ్య కిటికీకి ఎదురుగా, చెయ్యి చాపితే అందేంత దగ్గర. మిట్టమధ్యాహ్నం కూడా లైటు వేసుకోవాల్సిన గది అయిపోయింది అది. ఆవిడ కిటికీ రెక్కలు మూసేసి గడియ పెట్టుకుంది, అంతే. నాకు కోపమెంత తొందరో జాలీ అంత తొందరే. మరుసటి ఆదివారం హైదర్‌గూడ వెళ్లి, గది లోపల కిటికీకి ఎదురుగా ఉన్న గోడ మొత్తానికి సరిపోయే వాల్‌పేపర్ ఎంచుకుని వచ్చాను. గోడ నిండా సముద్రం.

షాపులో అతను ఇరవై రకాల బీచ్‌లు చూపించాడు. కొబ్బరిచెట్లవి, పడవలవి, గవ్వలవి. నేను ఒక్క దాని దగ్గరే ఆగిపోయాను. తడి ఇసుక, వెనక్కి పోతున్న అల, నీళ్లకి జానెడు ఎత్తులో ఎర్రటి సూర్యుడు. జీవితంలో నేను చూసిన సముద్రం ఒక్కటే, పెళ్లయ్యాక వినయ్‌తో వెళ్లిన గోవాది. అక్కడ ఇలాగే సూర్యుడు నీళ్లలోకి దిగుతుంటే ఒడ్డునున్న వాళ్లంతా చప్పట్లు కొట్టారు. నేను ఏడ్చాను. అంత అందం అత్తయ్య గదిలో ఉంటే చాలనుకున్నాను.

పేపర్ అంటించడానికి నాగేందర్ వచ్చాడు. గోడ మీద వేలితో రాసి చూసి తెల్లటి పొడి నాకు చూపించాడు. "అక్కా, ఇది సున్నం గోడ. గీకకుంటే కాగితం సున్నంతోని సహా ఊడొస్తది. జర ఓపిక పట్టుండ్రి," అన్నాడు. గీకడానికి ఒక రోజు, పుట్టీ పెట్టడానికి ఒక రోజు, అంటించడానికి ఒక పూట. నాలుగు నిలువు ముక్కలుగా వచ్చిన సముద్రాన్ని అల మీద అల కలిసేలా అతికించి, గాలిబుడగలు పోయేలా రేకుతో ఒత్తాడు. పోతూ పోతూ, "ఈ గోడకు మేకు మాత్రం కొట్టద్దక్కా, ఒక్క మేకు పడ్డా చెమ్మ పట్టి అంచులు లేస్తయి," అని చెప్పిపోయాడు. వినయ్ ఆ గోడ పైన ఒక చిన్న బల్బు పెట్టించాడు. అది వేస్తే నీళ్లు మెరిసేవి.

అత్తయ్య గడప దగ్గర నిలబడి చాలాసేపు చూసింది. తర్వాత రెండు చేతులూ జోడించింది. "ఎన్నేళ్లయిందో," అంది. మర్నాటి నుంచి కళ్లు తెరవగానే మంచం మీద కూర్చుని ఆ గోడకే దణ్ణం పెట్టుకోవడం మొదలుపెట్టింది. నాకు ఒళ్లు పొంగిపోయింది. కాలేజీలో కనిపించిన వాళ్లందరికీ చెప్పుకున్నాను.

ఆవిడకి షుగర్. పొద్దున ఆరింటికి ఇరవై రెండు యూనిట్ల ఇన్సులిన్, రాత్రి ఎనిమిదిన్నరకి పది. సూది తనే వేసుకుంటుంది, ఇంకొకరి చెయ్యి పడనివ్వదు. పొద్దున సూది వేసుకున్న అరగంటకి బల్ల మీద టిఫిన్ ఉండాలి, అది నా బాధ్యత. ఆవిడ వంటింట్లోకి రాదు. కాపురానికొచ్చిన కొత్తలో నేను చేసిన పప్పులో ఆవిడ ఇంత చింతపండు పిసికితే నేను నానా గొడవ చేశాను. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఆవిడ నా పొయ్యి దగ్గరికి అడుగు పెట్టలేదు. పట్టుదల మా ఇంట్లో నా ఒక్కదాని సొత్తు కాదు.

ఆ గురువారం పొద్దున రోజూ ఒక కాగితం చింపే కాలెండర్ పట్టుకొచ్చి, "దీనికి సముద్రం పక్కన ఒక మేకు కొట్టించమ్మా, లేవగానే తిథి చూసుకోవాలి," అంది. 

"మేకు కొట్టొద్దన్నాడు అత్తయ్యా. హాల్లో పెట్టుకోండి."

"లేవగానే హాల్లోకి పరిగెత్తనా?"

"మరి పేపర్ పాడైపోతే ఎట్ల?"

ఆవిడ కాలెండర్‌ని బల్ల మీద పెట్టేసి, "సరేలే. నా గదిలో నాకు గోడ కూడా లేదన్నమాట," అంది.

ఎండలో తిరిగి ఎంచుకొచ్చింది నేను, ఇంట్లో మూడు రోజులు సున్నం దుమ్ము ఊడ్చింది నేను. ఆ మాట నాకు చెంప మీద కొట్టినట్టయింది. ఉప్మా హాట్‌ప్యాక్‌లో పడేసి, వెళ్లొస్తానని కూడా చెప్పకుండా బ్యాగు తీసుకుని వచ్చేశాను. 

సాయంత్రం ఆరు పది. కాలేజీలో స్టడీ అవర్ నడుస్తోంది. ఇంటి నంబరు నుంచి ఫోన్.

"స్నేహా, వెళ్లిపోయావా అమ్మా? చెప్పనైనా చెప్పలేదు. టిఫినూ పెట్టలేదు. సూది వేసేసుకుని కూర్చున్నాను."

పొద్దుటి మంట ఇంకా ఆరనే లేదు. పన్నెండు గంటలు గుర్తుపెట్టుకుని, చేసిన ఉప్మా చేయలేదని దెప్పడానికి ఫోన్ చేసిందనుకున్నాను. "అత్తయ్యా, నేను క్లాసులో ఉన్నాను. పొద్దుటి పంచాయితీ ఇంటికొచ్చాక చూసుకుందాం," అని పెట్టేశాను.

పెట్టేశాక మనసులో జవాబులు కూర్చుకోవడం మొదలైంది. కోపిష్టివాళ్లకి ఇదొక జబ్బు. అవతలి వాళ్ల మాటని పదే పదే నెమరేసి, ఒక్కోసారి ఒక్కో జవాబు తయారు చేసుకుంటాం. చెప్పనైనా చెప్పలేదంటావా, నువ్వు మాత్రం పలకరించావా. టిఫిన్ పెట్టలేదంటావా, హాట్‌ప్యాక్ మూత తీశావా. సూది వేసుకుని కూర్చున్నానంటావా.

సూది. అక్కడ నాకు జవాబు దొరకలేదు. రాత్రి సూది ఎనిమిదిన్నరకి. ఆరింటికి వేసుకునే సూది ఒక్కటే, పొద్దుటిది. రాత్రి పూట మా ఇంట్లో టిఫిన్ మాటే రాదు, అన్నమే. ఆవిడ పొద్దుటి సూది మళ్లీ వేసుకుంది. ఇరవై రెండు యూనిట్లు. వేసుకుని, నేనొచ్చి టిఫిన్ పెడతానని కూర్చుంది.

గడియారం చూస్తే ఆరు నలభై.

ఇంటికి ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాను. మళ్లీ అంతే. మీద ఉండే మంజులకి చేస్తే ఎత్తలేదు. ఆ సమయానికి ఆ అమ్మాయిలంతా లైబ్రరీలో ఫోన్లు నోరు మూయించి చదువుకుంటూ ఉంటారు. కాచిగూడలో హోల్‌సేల్ మందుల షాపులో ఉన్న వినయ్‌కి చేశాను. మెట్లు దిగుతూనే చెప్పాను.

"రెండుసార్లు వేసుకోవడమేంటి? అమ్మ అలా మర్చిపోదు," అన్నాడు.

"మర్చిపోయిందో ఏందో నాకు తెల్వదు. నువ్వు డాక్టర్‌కి ఫోన్ చెయ్యి. నేను ఇంటికి పోతున్న."

రోడ్డు మీదికొస్తే ఆటోవాళ్లెవరూ ఆగడం లేదు. ఇందిరా పార్కు దగ్గర ధర్నా, బస్సులన్నీ ఇటు మళ్లించారు. నారాయణగూడ చౌరస్తా నుంచి చిక్కడపల్లి దాకా బండ్లు కదలకుండా నిలబడి ఉన్నాయి. ఒక ఆటోలో కాలు పెట్టాను కూడా. "అక్కా, నడిస్తేనే జల్ది పోతవ్," అన్నాడు అతను. చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని పరిగెత్తాను. చెప్పు తెగింది. రెండోదీ అక్కడే వదిలేశాను. బండ్ల మధ్య నుంచి, ఫుట్‌పాత్ మీద సామాన్ల మధ్య నుంచి పరిగెత్తుతూ ఒకటే లెక్క వేసుకుంటున్నాను. సూది ఎప్పుడు వేసుకుని ఉంటుంది, మధ్యాహ్నం ఎంత తిని ఉంటుంది, నా మీద అలిగి అసలు తిందా లేదా. అలక పూట ఆవిడ రెండు ముద్దలకి మించి తినదు. నేను ఫోన్ పెట్టేయకుండా ఒక్క ప్రశ్న అడిగి ఉంటే చాలు. రెండు చెంచాల చక్కెర నోట్లో వేసుకోండి అని ఒక్క ముక్క చెబితే చాలు. 

దారిలో వినయ్ ఫోన్ చేశాడు. "తెలివిలో ఉంటే చక్కెర నీళ్లు పట్టమన్నారు. తెలివి లేకపోతే నోట్లో చుక్క కూడా పొయ్యొద్దన్నారు, ఊపిరితిత్తుల్లోకి పోతుందిట. నేను అంబులెన్స్ కోసం చూస్తున్నాను. ఈ ట్రాఫిక్‌లో ఎప్పటికొస్తుందో చెప్పలేమంటున్నారు." 

సందులోకి వచ్చేసరికి ఏడు దాటింది. కరెంటు కోత. గేటు తాళం నా దగ్గరుంది, తీశాను. లోపలి చెక్క తలుపుకి గడియ పెట్టి ఉంది. ఒంటరిగా ఉన్నప్పుడు అలా పెట్టుకోమని ఆవిడకి వందసార్లు చెప్పిందాన్ని నేనే. 

హాలు కిటికీ దగ్గరికి వెళ్లి ఫోన్ టార్చి లోపలికి వేశాను. ఆవిడ ఫోన్ పక్కనే కుర్చీలో ఉంది. స్నానం చేసిన తడి జుట్టు. మొహం నిండా చెమట. జాకెట్టు తడిసి ఒంటికి అంటుకుపోయింది. వేళ్లు ఒడిలో ఉన్న కొంగుని ఊరికే నలుపుతున్నాయి.

"అత్తయ్యా, తలుపు తియ్యండి."

తల ఎత్తింది. నా వైపు కాదు, వెలుతురు వైపు చూసింది. "ఎవరూ?"

"నేను, స్నేహని. లేచి గడియ తియ్యండి, జల్దీ."

"స్నేహ లేదు. పొద్దున్నే వెళ్లిపోయింది. కోపం వచ్చింది దానికి." మాట ముద్దగా వస్తోంది. "పాలాయనవా? రెండు ప్యాకెట్లు గేటుకి తగిలించి వెళ్లు."

చువ్వల్లోంచి చెయ్యి దూర్చాను. కుర్చీ మూడు గజాల దూరంలో ఉంది. అరిచాను, బతిమాలాను, అత్తమ్మా అన్నాను, అమ్మా అన్నాను. ఎంత అరిస్తే ఆవిడ అంత కుర్చీలోకి ముడుచుకుపోతోంది. తల ఒక పక్కకి వాలుతోంది. అది పూర్తిగా వాలిపోతే ఇక నేను లోపలికెళ్లినా చేయగలిగింది ఏమీ లేదు. తలుపు పాతకాలపు టేకుది, భుజంతో రెండుసార్లు గుద్దితే భుజమే నొప్పెట్టింది.

అప్పుడు అరవడం మానేశాను. గొంతు మార్చి, గేటు దగ్గర నుంచి పిలిచినట్టు పిలిచాను. "అమ్మగారూ, పాలు. ప్యాకెట్ పగిలిందమ్మా, కారిపోతున్నయి. గిన్నె తెచ్చుకోండ్రి."

వాలుతున్న తల ఆగింది. "పగిలిందా?"

"సగం పోయినయమ్మా. జల్ది రాండ్రి."

ఒక గిన్నెడు పాలు నేలపాలైతే ఆవిడ ప్రాణం ఒప్పుకోదు. ఆ మనిషి ఆ స్థితిలో కూడా కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. ఒకసారి కూలబడింది. మళ్లీ లేచింది. గోడ పట్టుకుంది. నేను టార్చి నేల మీదికి తిప్పి దారి చూపిస్తూ, "కారుతున్నయమ్మా, ఇంకో రెండడుగులు, ఇటు," అంటూనే ఉన్నాను. నా కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, గొంతు మాత్రం పాలాయనదే. గడియ మీద వేళ్లు తడబడిన చప్పుడు వినిపించింది. ఒకసారి జారింది. రెండోసారి తలుపు ఇంత సందు ఇచ్చింది. తోసుకుని వెళ్లి పట్టుకున్నాను. మనిషి నా మీద పడిపోయింది.

చక్కెర డబ్బా కోసం చీకట్లో వంటింట్లో చేతికందిందల్లా పడేశాను. నీళ్లలో కలిపే ఓపిక లేక ముందు వేలితో తీసి ఆవిడ చిగుళ్లకి రాశాను. నాలుక కదిలింది. మింగింది. అప్పుడు గ్లాసులో కలిపి గుక్క గుక్కగా పట్టాను. ప్రతి గుక్కకీ, "మింగండి, మింగినరా, మల్ల తాగండి," అంటున్నాను. పావుగంట గడిచాక చెమట ఆగింది. ఆవిడ నా మొహం పరీక్షగా చూసి, "నీ కాళ్లకి చెప్పులేవే?" అంది. 

వినయ్ వచ్చేసరికి ఆవిడకి పెరుగన్నం తినిపిస్తున్నాను. షుగర్ చూసే మీటరు పెడితే నూట నాలుగు. డాక్టర్ ఫోన్‌లో, ప్రమాదం గడిచింది, అంబులెన్స్ వద్దు, రాత్రి సూది వద్దు, గంటకోసారి చూస్తూ ఉండండి అన్నాడు. వినయ్ తల్లి కాళ్ల దగ్గర నేల మీద చతికిలబడ్డాడు. కరెంటు వచ్చింది. అత్తయ్య గదిలో సముద్రం వెలిగింది.

"అమ్మా, ఒకే రోజు పొద్దుటి సూది రెండుసార్లు ఎలా వేసుకున్నావు?"

"రెండుసార్లేంటి? పడుకున్నాను. లేచాను. తెల్లారింది." ఆవిడకి మా అయోమయమే అర్థం కావడం లేదు. "హాల్లో గడియారం ఆరు చూపిస్తోంది. గుళ్లో మైకు పెట్టారు. వీధిలో మసక వెలుతురు. లేవగానే చూస్తే సూర్యుడు నీళ్ల మీదికి వచ్చేశాడు కదరా."

వినయ్ నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను.

"అత్తయ్యా, అది లేచే సూర్యుడు కాదు," అన్నాను. "మునిగే సూర్యుడు."

"మునగడమా? సముద్రంలోనా?" నేను పిచ్చి మాట ఏదో అన్నట్టు నవ్వింది. "సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు. మునిగేది కొండల వెనక. మా వాకిట్లో పీట వేసుకుని పుట్టినప్పటి నుంచీ చూశాను, నాకు చెప్తావా?"

గోవా సముద్రం పడమటి వైపు ఉంటుందని నాకు తెలుసు. భీమిలి సముద్రం తూర్పున ఉంటుందనీ తెలుసు. పిల్లలకి సైన్సు చెప్పేదాన్ని. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోలేదు. వారం రోజులుగా ఆవిడ దణ్ణం పెట్టింది ఉదయానికి. నేను ఆవిడ గోడకి అంటించింది సాయంత్రం. రోజూ మధ్యాహ్నం హాల్లో కుర్చీలోనే కునుకు తీసే మనిషి, నా మీద అలిగి గది తలుపేసుకుని పడుకుంది. చీకటి గదిలో లేచి, బల్బు వేసి, గోడని నమ్మింది.

వినయ్ ఒక్క ఊపున లేచాడు. "అయితే ఇదంతా ఈ దరిద్రపు కాగితం వల్లనా?" గదిలోకి వెళ్లి గోడ మూల దగ్గర అంచుని గోటితో లేపాడు. "రేపే నాగేందర్‌ని పిలిచి పీకించేస్తాను. లేదు, ఇప్పుడే పీకేస్తాను. అయినా అమ్మా, ఫోన్ పక్కనే కూర్చున్నావు. స్నేహకి ఒక్క ఫోన్ చేసి ఉంటే పోయేది కదా."

"చేశానా?" అంది ఆవిడ, కనుబొమలు ముడిచి. "ఏమో. గుర్తు లేదురా. చేసినట్టు లేదు."

నేను నోరు మూసుకుంటే సరిపోయేది. గోడ మీద కాగితం ఉంది, తప్పంతా దాని మీద పడింది, వినయ్ దాన్ని చింపేస్తాడు, అక్కడితో అయిపోతుంది. నా ఫోన్‌లో ఇంటి నంబరు ఎవరు వెతకబోతారు. నిజం చెప్పాలంటే, రెండు క్షణాలు అలాగే ఊరుకున్నాను కూడా.

"చేసినరు," అన్నాను. "ఆరు పదికి. టిఫిన్ పెట్టలేదన్నరు. సూది వేసుకున్నా అని కూడా చెప్పినరు. దెప్పుతున్నరనుకుని నేనే పెట్టేసిన."

వినయ్ చెయ్యి అంచు మీదే ఆగిపోయింది. నేను పెరుగన్నం గిన్నెలోకి చూస్తూ కూర్చున్నాను.

"పెట్టేసి?" అంది అత్తయ్య.

"పెట్టేసి, కోపంగా కూర్చున్న. మీరు సూది అన్నది అప్పుడు చెవికెక్కలే. అరగంటకి ఎక్కింది. ఉరుక్కుంట వచ్చిన."

ఆవిడ నా ఉత్త కాళ్ల వైపు చూసింది. "అరగంటేనా?" అంది. "నా కోపం రెండు రోజులుంటుంది. నేనే నీ స్థానంలో ఉంటే శనివారం వచ్చేదాన్ని." తర్వాత వినయ్‌తో, "దాన్ని వదిలెయ్యరా, బాగానే ఉంది," అంది.

నా చేతిలో గిన్నె తీసుకుని మిగిలిన నాలుగు మెతుకులూ తనే తినేసింది. లేచి, నా భుజం పట్టుకుని గదిలోకి నడిచింది. మంచం మీద కూర్చుని ఆ గోడ వైపు చూసింది. పొద్దున నాతో గోడ కోసం పోట్లాడిన మనిషి చూపు కాదు అది. సొంత కళ్ల మీద నమ్మకం పోయిన మనిషి చూపు. బల్బు ఆర్పమన్నట్టు చెయ్యి ఊపింది. ఆర్పాను.

"స్నేహా."

"ఆఁ, అత్తయ్యా."

"రేపటి నుంచి నువ్వొచ్చి చెప్పమ్మా, తెల్లారిందని. నువ్వు చెప్పాకే కళ్లు తెరుస్తాను."

ఎవరి ఫోన్ పెట్టేశానో ఆవిడే అడుగుతోంది ఈ మాట. రెండు తిట్లు తిట్టి ఉంటే నేను రెండు జవాబులు చెప్పి తేలికపడేదాన్ని. సరేనన్నాను. ఆ రాత్రి మీటరు పట్టుకుని ఆ గదిలోనే నేల మీద పడుకున్నాను.